నాన్న బెంజ్ కారును వృద్ధాశ్రమానికి ఇద్దామంటున్నారు అమ్మ. ఇవ్వవచ్చా?

గుంటూరు నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 43. ఊరి పేరు తప్ప మిగతా గుర్తులు బయట పెట్టవద్దన్నారు కాబట్టి విషయం మాత్రం చెబుతాను.

ఆమె నాన్నగారు మిర్చి యార్డులో ముప్ఫై ఏళ్లకు పైగా కమీషన్ వ్యాపారం చేశారు. వ్యాపారం బాగా సాగిన రోజుల్లో, 2011 ఆగస్టులో, దాదాపు 45 లక్షలు పెట్టి బెంజ్ డీజిల్ కారు కొన్నారు. ఇంటికి తెచ్చిన రోజు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, వీధిలో పిల్లలను ఎక్కించుకొని లాడ్జి సెంటర్ దాకా తిప్పుకొచ్చారట. పోయిన కార్తీకంలో ఆయన కాలం చేశారు. అప్పటి నుంచి కారు పోర్టికోలో కవరు కింద ఉంది. బ్యాటరీ దిగిపోయింది. వెనక టైర్లలో గాలి లేదు. ఎలుకలు ఏవో వైర్లు కొరికాయని డ్రైవర్ చెప్పాడు. వెనక సీటు మధ్యలో చెయ్యి ఆనించుకునే చిన్న పెట్టెలో నాన్నగారి కళ్లద్దాలు అలాగే ఉన్నాయి. ఎవరికీ తీయబుద్ధి కాలేదు.

అమ్మగారి కోరిక ఒక్కటే. ఆ కారును మంగళగిరి వైపున్న ఒక వృద్ధాశ్రమానికి దానంగా ఇవ్వాలి. నాన్నగారు ఏటా తన పుట్టినరోజుకు అక్కడ అన్నదానం చేయించేవారు. సంవత్సరీకం నాడు తాళాలు చేతికివ్వాలని ఆవిడ ఆశ. "అమ్మితే ఆయన్ని అమ్ముకున్నట్టు ఉంటుంది" అంటున్నారట. డల్లాస్‌లో ఉన్న తమ్ముడిదీ అదే మాట. అమెరికాలో ఒక్క ఫోన్ చేస్తే వాళ్లే వచ్చి లాక్కెళ్తారు, పన్నూ తగ్గుతుంది, ఇక్కడ దీనికింత టెన్షన్ ఎందుకు అంటున్నాడు. ఆమె భర్త మాత్రం అమ్మేయమంటున్నారు. విజయవాడలో పాత కార్ల వ్యాపారి ఒకాయన ఉన్నదున్నట్టుగా 3.5 లక్షలు ఇస్తానన్నాడు. బండి మళ్లీ తిరగాలంటే బ్యాటరీ, టైర్లు, ఏసీ కంప్రెసర్, సస్పెన్షన్ కలిపి 1.4 లక్షలు అవుతుందని ఆటోనగర్ మెకానిక్ లెక్క రాసిచ్చాడు. తల్లీకూతుళ్లు ఆశ్రమానికి వెళ్లి అడిగితే మేనేజర్ కాసేపు మాట్లాడలేదట. తర్వాత "మీ ఇష్టమమ్మా, మీ ఇంటి నుంచి ఏదొచ్చినా మాకు ప్రసాదమే" అన్నారట. ఆయన అలా కాసేపు ఊరుకోవడమే తనకు నిద్ర పట్టనివ్వడం లేదని రాశారు.

ఉత్తరం చివర్లో, కొట్టేసి మళ్లీ రాసిన వాక్యం ఒకటుంది. 19 ఏళ్లుగా ఉన్న డ్రైవర్‌కు నాన్నగారు పోయాక సగం జీతమే ఇస్తున్నారు. "కారు ఆయనకే ఇచ్చేస్తే అది పుణ్యం కాదా?" అని అడిగారు.

అమ్మా,

మీ ఉత్తరంలో నేనూ ఆ మేనేజర్ గారి దగ్గరే ఆగిపోయాను. మీరు విన్నది సరిగ్గానే విన్నారు. దానమిచ్చిన ఆవుకు పళ్లు చూడరంటారు మన వాళ్లు. తీసుకునేవాళ్లు చూడలేరు కాబట్టే ఇచ్చేవాళ్లు ముందే చూసి ఇవ్వాలి. ఏటా అన్నం పెట్టించే ఇంటి ఇల్లాలు ఎదురుగా కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ అడుగుతుంటే, "ఈ బండి మాకు బరువమ్మా" అని ఏ మేనేజర్ అనగలడు?

నేను కొన్నేళ్లు ఒక పిల్లల హాస్టల్ కమిటీలో పనిచేశాను. ఒక దాత తన పెద్ద కారు ఇచ్చారు. దండ వేశాం, ఫొటో దిగాం. మూడో నెలలో గేర్‌బాక్స్ నుంచి ఆయిల్ కారడం మొదలైంది. బాగు చేయడానికి చెప్పిన అంకె మా హాస్టల్ నెల బియ్యం ఖర్చు కంటే ఎక్కువ. కారును షెడ్డులో పెట్టాం. ఆ దాత ఊరికి వచ్చినప్పుడల్లా దాన్ని కడిగి, తోసుకొచ్చి గేటు దగ్గర నిలబెట్టేవాళ్లం, ఆయన మనసు నొచ్చుకుంటుందని. అమ్ముదామంటే ఆర్‌సీ ఇంకా ఆయన పేరు మీదే ఉంది. రెండేళ్లయ్యాక వెళ్లి ఉన్నమాట చెప్పాను. ఆయన బాధపడ్డది కారు చెడిపోయినందుకు కాదు, రెండేళ్లు తనకు చెప్పనందుకు. అందుకే మీ ప్రశ్న చదవగానే నాకు ఆ గేటు గుర్తొచ్చింది.

ఎవరికి ఇవ్వాలన్న మాటకు ముందు, ఇవ్వడానికి ఆ కారు ఇప్పుడు ఎవరిదో చూద్దాం. నాన్నగారు వీలునామా రాయకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మగారికి, మీకు, తమ్ముడికి సమాన వాటాలు. అంటే అమ్మగారు ఒక్కరే ఇచ్చేయడానికి లేదు, మీ వారి మాటతో అమ్మేయడానికీ లేదు. ముగ్గురూ సంతకం పెట్టాలి. ఆర్‌సీ మీద నాన్నగారి సొంత పేరు ఉందా, వ్యాపార సంస్థ పేరు ఉందా చూడండి. సంస్థ పేరుంటే ఆడిటర్‌ని అడగకుండా ఏ అడుగూ వేయవద్దు. ఆర్‌సీలో బ్యాంకు పేరు ఇంకా ఉందేమో కూడా చూడండి. అప్పు ఎప్పుడో తీరిపోయినా, ఆర్‌సీలో తాకట్టు తీయించుకోని ఇళ్లు చాలా ఉన్నాయి. అలా ఉంటే బ్యాంకు నుంచి నో అబ్జెక్షన్ పత్రం, ఫారం 35 తెచ్చి రద్దు చేయించాలి. పాత లోన్ కాగితాలు వెతకడానికి ఎన్ని రోజులు పడుతుందో మీకు తెలుసు. ఈ పని ఈ వారమే మొదలు పెట్టండి.

యజమాని చనిపోతే 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి, మూడు నెలల్లో వారసుల పేరు మీదకు మార్చుకోవడానికి ఫారం 31తో దరఖాస్తు చేయాలి. మీకు ఆ గడువు దాటింది. కంగారు పడకండి, ఆలస్యానికి ఏదైనా కట్టమంటే కట్టి పని పూర్తి చేసుకోవచ్చు. మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అమ్మగారి పేరు మీదకు మారితే మాకు అభ్యంతరం లేదని మీరూ తమ్ముడూ ఇచ్చే అఫిడవిట్ కావాలి. తమ్ముడు డల్లాస్‌లో ఉన్నాడు కాబట్టి హ్యూస్టన్‌లోని మన కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపాలి. ఫోన్‌లో "ఇచ్చేద్దాం" అనడం తేలిక. ఆ కాగితం కోసం అతనూ ఒక రోజు సెలవు పెట్టనివ్వండి. నాన్న విషయంలో తనూ ఒక పని చేశానన్న తృప్తి అతనికీ మిగులుతుంది.

ఇన్సూరెన్స్ గురించి మాత్రం కాస్త గట్టిగానే చెప్పాలి. యజమాని పోయాక పాత పాలసీ మూడు నెలలు, లేదా దాని గడువు ముగిసే రోజు, ఈ రెండింటిలో ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది. మీ కారుకు ప్రస్తుతం ఇన్సూరెన్స్ లేనట్టే. బ్యాటరీ మార్చి "ఒక రౌండ్ వేసొద్దాం" అని ఎవరన్నా రోడ్డెక్కించవద్దు. మెకానిక్‌నే ఇంటికి పిలవండి. డీజిల్ బండి నెలల తరబడి కదలకపోతే ట్యాంకులో చేరిన తేమ నీరై అడుగున నిలుస్తుంది. ఫిల్టర్ మార్చకుండా స్టార్ట్ చేస్తే ఆ మురికి ఇంజెక్టర్ల దాకా పోతుంది. అప్పుడు 1.4 లక్షల లెక్క అక్కడ ఆగదు.

మీరు ఉత్తరంలో గమనించనిది ఇంకొకటి ఉంది. 2011 ఆగస్టులో రిజిస్టర్ అయిన సొంత కారుకు ఆర్‌సీ 15 ఏళ్లు చెల్లుతుంది. అంటే ఈ ఆగస్టుతో అయిపోతుంది. ఈ ఏడు అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి కార్తీకం నవంబరు రెండో వారానికి గానీ మొదలవదు. అమ్మగారు అనుకున్నట్టు సంవత్సరీకం నాడు తాళాలు ఇస్తే, ఆశ్రమం చేతికి వెళ్లేది ఆర్‌సీ చెల్లని బండి. దాన్ని రెన్యువల్ చేయించడానికి ఫారం 25, ఫిట్‌నెస్ తనిఖీ, పాత బండ్లపై వేసే గ్రీన్ టాక్స్ ఉంటాయి. కారుకు రెన్యువల్ ఫీజును 2022 ఏప్రిల్ నుంచి 600 నుంచి 5,000 రూపాయలకు పెంచారు. ఆలస్యమైతే నెలకు 500 చొప్పున అదనం. గడువుకు 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. రెన్యువల్ ఇచ్చేది కూడా అయిదేళ్లకే. మీకు 3.5 లక్షలు చెప్పిన వ్యాపారి ఆగస్టు తర్వాత అదే ధర చెప్పడు. ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్లు దాటిన డీజిల్ బండ్లపై ఆంక్షలు 2015లో మొదలయ్యాయి. గుంటూరులో ఆ నిబంధన లేదు గానీ, పాత డీజిల్ కారు అనగానే కొనేవాళ్లు వెనకాడటానికి అదీ ఒక కారణం.

ఇక తమ్ముడి మాట. అమెరికాలో కారు దానం ఇవ్వడం నిజంగానే తేలిక. కానీ ఆ కారు చాలాసార్లు ఏ అనాథల ఇంటికీ వెళ్లదు. సంస్థ దాన్ని వేలంలో అమ్మిస్తుంది, వచ్చిన డబ్బు వాడుకుంటుంది. 500 డాలర్లు దాటితే దాతకు దక్కే పన్ను మినహాయింపు కూడా మామూలుగా ఆ వేలంలో వచ్చిన మొత్తం వరకే. 2005 నుంచి అక్కడ నిబంధన అలా ఉంది. అంటే అక్కడ కూడా కారు అమ్ముడుపోతుంది, డబ్బే దానంగా చేరుతుంది. ఈ సంగతి తమ్ముడికి చెప్పండి, వాదన సగం చల్లబడుతుంది. మన దగ్గర 80జి అని అందరికీ అలవాటైన మినహాయింపు డబ్బుగా ఇచ్చిన విరాళానికే వర్తిస్తుంది. కారు, బియ్యం, బట్టలు లాంటివి ఇస్తే రాదు. నగదుగా 2,000 దాటి ఇచ్చినా రాదు, చెక్కో బ్యాంకు బదిలీయో ఉండాలి. అమ్మగారు కొత్త పన్ను విధానంలో ఉంటే ఎలా ఇచ్చినా ఆ మినహాయింపు ఉండదు. కాబట్టి పన్ను సంగతి మర్చిపోయి నిర్ణయం తీసుకోండి. తమ్ముడు పైనుంచి కొంత డబ్బు వేస్తానంటే, అతను ఇంకా భారత పౌరుడేనా, అమెరికా పౌరసత్వం తీసుకున్నాడా అడగండి. పౌరసత్వం మారి ఉంటే అతని డబ్బు విదేశీ విరాళం కింద లెక్క. ఆశ్రమానికి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉంటేనే తీసుకోగలరు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

కారును కారుగానే ఆశ్రమానికి ఇవ్వడం మొదటిది. ఇందులో తప్పేమీ లేదు, అమ్మగారి మనసుకు దగ్గరగా ఉండేదీ ఇదే. మా అమ్మమ్మ గోదానం చేసినప్పుడు ఆవు ఒక్కదాన్నే తోలలేదు. వెనక దూడ, బండెడు వరిగడ్డి, చిట్టు బస్తా కూడా వెళ్లాయి. "మేత లేకుండా ఆవునిస్తే వాళ్లింటికి ఆకలిని పంపినట్టు" అనేది. ఈ దారి ఎంచుకుంటే మీరూ అలాగే చేయాలి. ఆ 1.4 లక్షల మరమ్మతు మీరే చేయించాలి. ఆర్‌సీ రెన్యువల్ చేయించి ఇవ్వాలి. కనీసం రెండేళ్ల ఇన్సూరెన్స్, సర్వీసు ఖర్చు విడిగా వాళ్ల ఖాతాలో వేయాలి. 1500 సీసీ దాటిన కారుకు 2022లో నిర్ణయించిన థర్డ్ పార్టీ ప్రీమియమే ఏడాదికి 7,897 రూపాయలు, జీఎస్టీ అదనం. అన్నిటికంటే ముఖ్యంగా, ఎప్పుడు కావాలంటే అప్పుడు అమ్ముకోవచ్చని దానపత్రంలో రాసివ్వాలి, నోటితో కూడా చెప్పాలి. అమ్ముకోవద్దని షరతు పెట్టి ఇచ్చే వస్తువు వాళ్ల దగ్గర మీరు దాచుకున్న వస్తువు అవుతుంది.

అయినా ఒక్కసారి ఆ ఆశ్రమంలో ఉండే పెద్దావిడను ఊహించుకోండి. డెబ్బై అయిదేళ్లు, మోకాళ్లు వంగవు. ఆ కారు సీటు కిందికి ఉంటుంది. దిగబడి కూర్చోవాలి, లేవాలంటే ఇద్దరు పట్టుకోవాలి. డిక్కీలో చక్రాల కుర్చీ పెడితే ఇంకేమీ పట్టదు. బియ్యం బస్తాలు, కూరగాయల గంపలు ఆ తోలు సీట్ల మీద వేయలేరు. ఊళ్లో తిరిగితే లీటరుకు పది కిలోమీటర్లు రావడమే గొప్ప. చిన్న పార్టు పోయినా మామూలు మెకానిక్ చెయ్యి పెట్టలేడు.

అమ్మి, ఆ డబ్బుతో ఆశ్రమానికి పనికొచ్చేది ఇవ్వడం రెండో దారి. 3.5 లక్షలకు అటూ ఇటూగా సెకండ్ హ్యాండ్‌లో మారుతి ఈకో లాంటి వ్యాను దొరుకుతుంది. పక్కకు జరిగే తలుపు, నిటారుగా కూర్చునే సీటు, ఏ ఊళ్లోనైనా బాగు చేసే మెకానిక్. ప్రభుత్వాసుపత్రికి నలుగురిని ఒకేసారి తీసుకెళ్లొచ్చు. లేదా వాళ్లకు బండి అవసరమే లేకపోవచ్చు. మంచాలో, వేడినీళ్ల సోలార్ హీటరో, రాత్రి నర్సు జీతమో కావాలేమో. ఈ దారిలో ఆగస్టుకు ముందే కారు అమ్మేసి, కార్తీకంలో ఆ వస్తువు ఇవ్వొచ్చు. అమ్మగారు అనుకున్న తిథీ తప్పదు. అమ్మడమన్న మాటే ఆవిడకు ముల్లులా గుచ్చుకుంటుంది, నిజమే. దాని సంగతి కిందకు వస్తాను.

మూడోది స్క్రాపింగ్. ఇంజన్ తెరిచి చూశాక మెకానిక్ పెదవి విరిస్తే ఇదే మేలు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికే ఇచ్చి, బండి అప్పగించినట్టు వాళ్లిచ్చే డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకోండి, ఆర్‌సీ రద్దయిందో లేదో చూసుకోండి. 2021 నిబంధనల ప్రకారం ఆ సర్టిఫికెట్ చూపిస్తే కొత్త సొంత బండి రోడ్ టాక్సులో 25 శాతం దాకా రాయితీకి వీలుంది. తూకానికి అమ్మేసి చేతులు దులుపుకుంటే ఆ నంబర్ ప్లేటు ఎక్కడ తేలుతుందో తెలియదు.

ఇంకో దారి మీరు అడగలేదు గానీ చెబుతాను. ఎవరికీ ఇవ్వకుండా ఉంచుకోవచ్చు. ఆర్‌సీ అయిదేళ్లకు పొడిగించుకుని, నెలకు రెండుసార్లు తిప్పుతూ, ఆ ఖర్చు ముగ్గురూ పంచుకుంటామంటే అది మీ ఇష్టం. అమ్మగారికి ఇంకా చెయ్యి వదలబుద్ధి కాకపోవడం వల్లే దానం మాట వచ్చిందేమోనని నాకు ఒక అనుమానం. తెలిసిన చోట ఉంటే అప్పుడప్పుడూ వెళ్లి చూసుకోవచ్చని ఉంటుంది. అదే అయితే దానికి ఆశ్రమాన్ని కాపలా పెట్టాల్సిన పని లేదు.

ఏ దారైనా సరే, పేరు మార్పు పూర్తయ్యేదాకా బండి గేటు దాటకూడదు. ముందు అమ్మగారి పేరు మీదకు, తర్వాత ఫారం 29, 30తో కొన్నవాళ్ల పేరు మీదకో ఆశ్రమం ట్రస్టు పేరు మీదకో మారాలి. ట్రస్టయితే బండిని స్వీకరిస్తున్నామని వాళ్ల కమిటీ తీర్మానం కాపీ అడిగి తీసుకోండి. "సంతకాలు పెట్టిచ్చేయండమ్మా, మిగతాది మేం చూసుకుంటాం" అని వ్యాపారి అంటాడు. 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది ఇదే. కారు చేతులు మారుతూ పోయింది, ఆర్‌సీ మాత్రం మొదటాయన పేరు మీదే ఉండిపోయింది. ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత రికార్డులో పేరున్న ఆ మొదటాయనదే అని తీర్పు వచ్చింది. మీ అమ్మగారికి ఈ వయసులో కోర్టు నోటీసు రాకూడదు.

డ్రైవర్ అన్న గురించి. మీరు కొట్టేసి మళ్లీ రాశారు కాబట్టి మీ మనసుకు తెలుసు అనుకుంటాను. ఆ కారు ఆయనకిస్తే ఏమవుతుంది? అది తెల్ల నంబర్ ప్లేటు బండి, కిరాయికి తిప్పకూడదు. సొంతానికి తిప్పుకునే స్తోమత ఉండదు. ఏదో ఒక రోజు మీకు చెప్పకుండా అమ్ముకోవాలి, అమ్మినందుకు మీ ముందు తల వంచుకోవాలి. 19 ఏళ్లు మీ నాన్నను భద్రంగా ఇంటికి చేర్చిన మనిషికి ఆ పరిస్థితి వద్దు. కొన్ని నెలలుగా సగం కోసిన జీతం ఉందే, అది ముందు ఇచ్చేయండి. అది దానం కింద రాదు, బాకీ కింద వస్తుంది. కారు డబ్బు వచ్చాక అందులోంచి, 19 ఏళ్ల చాకిరీకి తగినట్టు ఒక మొత్తం ఆయన బ్యాంకు ఖాతాలో వేయండి. కారు వెళ్లిపోయాక ఆయన పని ఉంటుందా లేదా అన్నది కూడా ఇప్పుడే చెప్పండి, వేరే చోట చూసుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. ఆశ్రమానికి వ్యాను ఇచ్చేట్టయితే, వాళ్లకు డ్రైవర్ కావాలేమో అడగండి. ఏడాది జీతం మీరు భరిస్తామంటే వాళ్లకూ ఊరట, ఆయనకూ పని.

ఇవన్నీ తేలాలంటే మీరు ఆశ్రమానికి ఇంకోసారి వెళ్లాలి. ఈసారి అమ్మగారు లేకుండా. మేనేజర్ గారిని "కారు కావాలా వద్దా" అని అడగవద్దు, దానికి ఆయన మళ్లీ అదే జవాబు చెబుతారు. పోయిన నెల ఆసుపత్రులకు ఎన్నిసార్లు వెళ్లారు, ఆటోలకు ఎంతయింది, రాత్రిపూట ఎవరికైనా బాగోకపోతే ఏం చేస్తున్నారు, ఇప్పుడున్న బండి ఏమిటి, అది ఆగిపోయినప్పుడు ఎవరిని పిలుస్తారు అని అడగండి. పక్కన కూర్చుని ఖర్చుల పుస్తకం చూపించమనండి. ఆ పుస్తకం మీకు సూటిగా చెప్పేస్తుంది. చివర్లో, "మీరు వద్దన్నా ఈ ఏడాది అన్నదానం ఆగదు" అని చెప్పండి. ఆయన నోరు పెగలకపోవడానికి సగం కారణం ఆ భయమే.

తర్వాత అమ్మగారు. ఆవిడతో ధరలు, ఫారాలు మాట్లాడకండి. మేనేజర్ చెప్పిన మనుషుల గురించి మాట్లాడండి. ఫలానా ఆవిడను డయాలసిస్‌కు వారానికి మూడుసార్లు ఆటోలో తీసుకెళ్తున్నారట అనో, ఫలానా ఆయన్ను మోసుకుని ఎక్కించాల్సి వచ్చిందట అనో. మీరు అక్కడ నిజంగా విన్నదే చెప్పండి, కల్పించవద్దు. ఆపైన "నాన్న అయితే వీళ్లకు ఏమిచ్చేవారు?" అని అడిగి ఊరుకోండి. యార్డులో ముప్ఫై ఏళ్లు బస్తాలో చెయ్యి పెట్టి సరుకు చూసిన మనిషి ఆయన. పనికొచ్చేదేదో, చూపుకే బాగుండేదేదో ఆయనకు తెలుసు, ఆయనతో కాపురం చేసిన ఆవిడకూ తెలుసు. ఒక్క రోజులో ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే మొదటి దారి ఉండనే ఉంది, మేతతో సహా. నేనైతే రెండో దారివైపే మొగ్గుతాను. కానీ అమ్మగారిని ఏడిపించి మాత్రం కాదు. వ్యాను వెనక అద్దం మీద నాన్నగారి పేరు రాయించమని ఆవిడ అడిగితే తప్పకుండా రాయించండి. అందులో ఆడంబరం ఏమీ లేదు.

మీ వారికి కూడా ఒక మాట. ఆయన అమ్మేయమన్నది డబ్బు మీద ఆశతో అని మీరు కాస్త కోపంగా రాశారు. నాకు అలా అనిపించలేదు. వారానికోసారి కవరు ఎత్తి టైర్లు చూసి వస్తున్నది ఆయనేనని మీరే మూడో పేజీలో రాశారు. కాగితాల పని ఆయనకు అప్పగించి చూడండి.

బండి వెళ్లే రోజు వస్తుంది కదా, ఆ ముందు రోజు డ్రైవర్ అన్నను పిలిచి మీరిద్దరూ కలిసి కారంతా వెతకండి. డ్యాష్‌బోర్డు అర, సీట్ల కింద, డిక్కీలో స్టెప్నీ గుంట, తలుపుల జేబులు. రెండో తాళం, సర్వీసు పుస్తకం దొరికితే కొన్నవాళ్లకు ఇవ్వండి, ధర కూడా కాస్త నిలబడుతుంది. అద్దానికి అంటించిన ఫాస్టాగ్ నాన్నగారి ఖాతాకు ముడిపడి ఉంటుంది. దాన్ని పీకేయడంతో సరిపోదు, బ్యాంకులో చెప్పి మూయించాలి. కళ్లద్దాలు మాత్రం ఆ రోజు దాకా ఉంచవద్దు. ఇవాళే తీసి, తుడిచి, అమ్మగారి చేతికివ్వండి.